ఆగిన సమయం తిరిగి ఇస్తారు



దూరదేశాలు చూసి వచ్చినవారి యాత్రా విశేషాలు ఈ పుటలలో మీరు చదువుతూనే ఉన్నారు. ఈ నెల మేము వ్రాస్తున్నది సిరిసిల్ల నుండి కోరుట్ల మీదుగా జగిత్యాల దాకా, ఎనభై కిలోమీటర్లకు కొంచెం అటు ఇటుగా ఉండే చిన్న ప్రయాణం. అయినా ఆ చిన్న దారిలోనే, దేశాలు దాటి వేల కిలోమీటర్లు నడిచే కార్ల ర్యాలీలంటే ఏమిటో తెలుసుకున్నాము. ఆ ర్యాలీలలో ఉన్న ఒక నియమం దగ్గర మేము ఓడిపోయాము కూడా. ఆ ఓటమిని దాచకుండా మీ ముందు పెట్టాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

గత ఫిబ్రవరి మొదటి వారంలో మా సంఘంలోని ఒక చెల్లెలి వివాహం జరిగింది. పెండ్లికూతురిది సిరిసిల్ల. నర్సింగు చదివి కరీంనగరులో ఉద్యోగం చేస్తున్నది. పెండ్లికుమారునిది జగిత్యాల. ఆరాధన జగిత్యాలలో ఉదయం 11 గంటలకు. వివాహం జరిపించవలసినవారము మేమే. మధ్యలో కోరుట్లలో ఒక పని ఉంది. పెండ్లికూతురి అమ్మమ్మ అక్కడ మంచం పట్టి ఉంది. "నిన్ను పెండ్లిబట్టల్లో ఒక్కసారి చూస్తే చాలు బిడ్డా" అని కబురు చేసింది. కాబట్టి కోరుట్లలో ఆగి, ఆ ముసలితల్లికి చూపించి, జగిత్యాల చేరాలని ఏర్పాటు. మొదటి కారులో మేము, మా సతీమణి, ఒక సంఘ పెద్ద. రెండవ కారులో పెండ్లికూతురు, ఆమె తల్లి, మేనమామ. రెండవది అద్దె బండి. దాని డ్రైవరు కోరుట్ల కుర్రవాడు.

మా బండి నడిపిన సహోదరుని గురించి చెప్పాలి. కోరుట్ల దగ్గర పల్లెటూరివాడు. పదహారు సంవత్సరాలు సౌదీ అరేబియాలో పెద్ద బండ్లు నడిపి 2022లో ఇంటికి చేరాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో గల్ఫుకు మనిషిని పంపని వాడకట్టు తక్కువ. అక్కడినుండి కొందరు బంగారం తెస్తారు, కొందరు రోగం తెస్తారు, కొందరు అప్పుతోనే తిరిగి వస్తారు. ఈ సహోదరుడు ఒక నోటుపుస్తకం తెచ్చాడు. అందులో ఉన్నవి బాణం గుర్తులు, చుక్కలు, అంకెలు.

"ఏంటిది?" అని అడిగాము.

"రోడ్ బుక్కు అయ్యగారూ. ర్యాలీలల్ల ఇస్తరు. నేను చూసి రాసుకున్న" అన్నాడు.

మన ఊళ్ళలో ర్యాలీ అంటే జెండాలు పట్టుకొని నినాదాలు ఇస్తూ పోయే ఊరేగింపు. ఇతడు చెప్పేది వేరే ర్యాలీ. 1978 డిసెంబరులో ప్యారిస్ నుండి ఆఫ్రికాలోని డకార్ నగరానికి మొదటిసారి బయలుదేరిన బండ్ల పోటీ ఇప్పటికీ డకార్ ర్యాలీ అనే పేరుతోనే జరుగుతోంది. 2009 నుండి 2019 దాకా అది దక్షిణ అమెరికాలో జరిగింది. 2020 నుండి సౌదీ ఎడారులకు వచ్చింది. ఆ సంవత్సరం జనవరిలో పోటీదారులకు రియాదులో ఒకరోజు విశ్రాంతి ఇచ్చారు. అప్పుడు మన సహోదరుడు వారి మకాముకు నీళ్ళ ట్యాంకరు తోలాడు. లోకమంతా టీవీలో చూసే ర్యాలీలో మన కోరుట్ల మనిషి కూడా పాలుపొందాడన్నమాట. నీళ్ళు లేని ఎడారిలో నీళ్ళు తెచ్చినవాడు ఆ పనిలో చిన్నవాడేమీ కాడు.

పెండ్లి ప్రయాణాన్ని కూడా ర్యాలీలాగా చేద్దామని అతడే ముచ్చటపడ్డాడు. రెండు బండ్లకు రెండు కాగితాలు వ్రాశాడు. సిరిసిల్ల 7 గంటలు, వేములవాడ 7:25, కోరుట్ల 8:45, అక్కడినుండి బయలుదేరేది 9:30, జగిత్యాల 10:15. ముందు సీటులో కూర్చున్న మాకు కాగితం, పెన్నూ ఇచ్చి, "మీరే నావిగేటర్ అయ్యగారూ. నేను చక్రం చూస్త, మీరు దారి, టైం చూడాలె" అన్నాడు. వెనుక సీటులో మా సతీమణి నవ్వింది. ఇంట్లో తాళంచెవి ఎక్కడ పెట్టామో తెలియని మాకు దారి చూపే పని!

సిరిసిల్లలో తెల్లవారుజామునే మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. కొత్తవారికి నిద్ర పట్టదు, ఊరివారికి ఆ చప్పుడు ఆగితేనే భయం. మగ్గం ఆగిందంటే పని లేదని అర్థం. పని లేక, అప్పులు తీరక ప్రాణాలు తీసుకున్న నేతన్నల ఇండ్లకు మేము కూడా పోయి కూర్చున్నాము, కాబట్టి ఆ చప్పుడు మాకు కూడా పాటలాగే ఉంటుంది. ఆ ఉదయం రాత్రి షిఫ్టు దిగిన కార్మికులు దూది అంటిన తలలతో టీకొట్టు దగ్గర నిలబడి ఉన్నారు. పెండ్లివారి ఇంట్లో మాత్రం పూలు రాలేదని, పెట్టె దొరకలేదని ఆలస్యమవుతూనే ఉంది. చివరకు 7:25కు కదిలాము. వేములవాడలో ఉండవలసిన సమయానికి ఇంకా సిరిసిల్లలోనే ఉన్నాము.

"ఇరవై అయిదు నిమిషాలు మైనస్సు" అని కాగితం మీద వ్రాశాము. అప్పటినుండి మా కన్ను గడియారం మీదనే.

సహోదరుడు మాత్రం తొందరపడలేదు. దారిలో ర్యాలీల సంగతులు చెబుతూ వచ్చాడు. ఇంటికి వచ్చాక మేము చదివి తెలుసుకున్నవి కూడా కలిపి మీకు చెబుతున్నాము.

దూర ప్రయాణపు ర్యాలీలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి డకార్ వంటి వేగపు పోటీ. రెండవది పర్యటన ర్యాలీ. ఇందులో మామూలు రోడ్ల మీద, ఆయా దేశాల ట్రాఫిక్ నియమాలు పాటిస్తూ పోతారు. కొన్నిటిలో గెలుపు ఓటములే ఉండవు, అందరూ కలిసి చేరడమే పని. కొన్నిటిలో సమయపు లెక్క ఉంటుంది. ఆ లెక్క మన పిల్లలకు చెప్పదగినది. 30 కిలోమీటర్ల దారికి గంటకు 40 కిలోమీటర్ల వేగం ఇచ్చారనుకోండి. 45 నిమిషాలకు చేరాలి. 46వ నిమిషానికి చేరినా శిక్ష పాయింటు పడుతుంది, 44వ నిమిషానికి చేరినా పడుతుంది. "గిండ్ల ముందుగాల ఉరికినోడు సుత ఓడిపోతడు అయ్యగారూ" అన్నాడు సహోదరుడు.

బండిలో ఇద్దరు తప్పనిసరి. ఒకరు నడుపుతారు, ఒకరు రోడ్ బుక్ చదువుతారు. రోడ్ బుక్‌లో ప్రతి మలుపుకు చిన్న బొమ్మ ఉంటుంది. గుండ్రటి చుక్క మనం వస్తున్న చోటు, బాణపు మొన మనం పోవలసిన వైపు. పక్కనే అక్కడిదాకా ఎన్ని కిలోమీటర్లో వ్రాసి ఉంటుంది. చదివేవాడు ఒక్క బొమ్మ తప్పితే నడిపేవాడు ఎంత గొప్పవాడైనా పొలాల్లో తేలుతాడు.

దేశాలు దాటేటప్పుడు మనిషికి పాస్‌పోర్టు, వీసా ఉంటే చాలదు. అంతర్జాతీయ డ్రైవింగు పర్మిటు కావాలి. చాలా దేశాలలో బండికి కూడా పాస్‌పోర్టు వంటి కాగితం అడుగుతారు. దానిని కార్నే అంటారు. ఈ బండిని మీ దేశంలో అమ్ముకోము, తిరిగి తీసుకుపోతాము అని ఇచ్చే హామీ పత్రం అది.

2004 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి డాక్టర్ మన్మోహన్ సింగ్ గౌహతిలో జెండా ఊపి భారత్-ఆసియాన్ కార్ల ర్యాలీని సాగనంపారు. సుమారు 8 వేల కిలోమీటర్లు నడిచి డిసెంబరులో అది ఇండోనేషియాలోని బాటమ్ దీవిలో ముగిసింది. ఇటువంటి ప్రయాణంలో చిక్కు ఏమిటంటే, మణిపూర్‌లోని మోరే దగ్గర సరిహద్దు దాటి మియన్మార్‌లోకి పోగానే రోడ్డుకు కుడివైపు నడపాలి. థాయిలాండులో మళ్ళీ ఎడమవైపు. లావోస్, వియత్నాం, కంబోడియాలలో తిరిగి కుడివైపు. నిన్నటిదాకా సరియైన వైపు ఈ రోజు ప్రమాదం తెచ్చే వైపు అవుతుంది.

మన తెలుగు నేల నుండి కూడా ఇట్లాంటి దూర యాత్ర జరిగింది. 2018 ఫిబ్రవరిలో జై భారతి నాయకత్వాన నలుగురు స్త్రీలు హైదరాబాదు నుండి మోటారు సైకిళ్ళ మీద బయలుదేరి, ఆరు దేశాలలో సుమారు 17 వేల కిలోమీటర్లు తిరిగి వచ్చారు. ఆడపిల్ల సైకిలు నేర్చుకుంటానంటేనే వద్దనే ఇండ్లు మన మధ్య ఇంకా ఉన్నాయి. ఆ తల్లిదండ్రులు ఈ సంగతి చదివితే బాగుండును.

ఇట్లా మాట్లాడుకుంటూ మూలవాగు వంతెన దాటి, వేములవాడ దాటి, చందుర్తి, రుద్రంగి వైపు సాగాము. మామిడి తోటలు పూత మీద ఉన్నాయి. గుట్టల నీడలో ఇంకా చలి తగ్గలేదు. పొలాల దగ్గర ఉడికించిన పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. ఎండ పడ్డచోట నేల మెరుస్తోంది, గాలి వీచినప్పుడల్లా పసుపు వాసన. దారి చక్కగా ఉంది. ఇరవై అయిదు నిమిషాల ఆలస్యం పదిహేనుకు, తరువాత ఎనిమిదికి తగ్గింది. కాగితం మీద "ఎనిమిది" అని వ్రాసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

రుద్రంగి దాటిన తరువాత ఒక మలుపులో రోడ్డు మీద తెల్లటి తువ్వాళ్ళు పడి ఉన్నాయి. ఎవరో ఆరవేసినట్లు వరుసగా ఉన్నాయి. కొంచెం ముందు ఒక మోపెడ్ బండి పక్కకు పడి ఉంది. వేపచెట్టుకు ఆనుకొని ఒక మనిషి కూర్చున్నాడు. ఒక కాలు చాపి ఉంది. మమ్మల్ని చూసి చెయ్యి ఎత్తాడు.

మా సహోదరుని కాలు బ్రేకు మీదికి పోయింది. బండి నెమ్మదించింది. అతడు మావైపు తిరిగి, "ఆగుదామా అయ్యగారూ?" అని అడిగాడు.

మేము నావిగేటర్లము. కాగితం మా చేతిలో ఉంది. మేము ఆ మనిషిని ఒకసారి, గడియారాన్ని ఒకసారి చూశాము. "మనిషి కూర్చునే ఉన్నాడు కదా. పెద్ద దెబ్బ కాకపోవచ్చు. వెనుక బండి వస్తూనే ఉంది, వాళ్ళు చూస్తారు. అక్కడ ఆరాధనకు జనం కూర్చొని ఉంటారు" అన్నాము. అతడు ఎత్తిన చెయ్యి "నేను బాగానే ఉన్నాను, మీరు పొండి" అని చెప్పినట్లు అర్థం చేసుకున్నాము. అట్లా అర్థం చేసుకోవడం ఆ సమయంలో మాకు వీలుగా ఉండింది.

మా సతీమణి వెనుక నుండి "అయ్యో" అన్నది. సంఘ పెద్ద ఏమీ అనలేదు. సహోదరుడు కూడా మారు మాట్లాడలేదు. బండి ముందుకు పోయింది. కథలాపూర్ దాటేదాకా ఎవరూ ర్యాలీల మాట ఎత్తలేదు.

8:45కు చేరవలసిన కోరుట్లకు 8:49కి చేరాము. నాలుగు నిమిషాలే ఆలస్యం. అమ్మమ్మ ఇంటి వాకిట్లో బంధువులు ఎదురు చూస్తున్నారు. ముసలమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టి, తల దువ్వి, కొత్త చీర కట్టారు. అందరూ సిద్ధంగా ఉన్నారు, పెండ్లికూతురు మాత్రం లేదు. పది నిమిషాలు గడిచాయి, ఇరవై గడిచాయి. ఫోను కలవలేదు. తల్లులు కంగారు పడ్డారు. చివరకు మేనమామ ఫోను వచ్చింది. "కోరుట్ల దవాఖానల ఉన్నం అయ్యగారూ. తొవ్వల ఒకాయనకు యాక్సిడెంటు అయింది. కాలు ఇరిగింది. తీసుకొచ్చినం" అన్నాడు.

తరువాత తెలిసిన వివరం ఇది. బండి ఆపమని ఎవరూ చెప్పలేదు. అద్దె బండి కుర్రవాడు తువ్వాళ్ళు చూసి తనంతట తానే ఆపాడు. పెండ్లికూతురు పెండ్లిచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకొని దిగింది. చూడగానే మోకాలి కింద ఎముక విరిగిందని గ్రహించింది. కాలు కదలనీయకుండా, దొరికిన రెండు కట్టెలను అటూ ఇటూ పెట్టి, ఆ మనిషి మూటలోని తువ్వాలతోనే కట్టు కట్టింది. తల్లి నీళ్ళు పట్టింది. మేనమామ ముందు సీటుకు మారి, వెనుక సీటులో ఆ మనిషిని కాలు చాపి కూర్చోబెట్టారు. కుర్రవాడు రోడ్డు మీద పడ్డ తువ్వాళ్ళు, లుంగీలు ఒక్కటి వదలకుండా ఏరి మూట కట్టి డిక్కీలో వేశాడు. ఆ మనిషి అప్పటికే ముప్పావు గంటగా అక్కడ కూర్చొని ఉన్నాడట.

మేము వాకిట్లో అరుగు మీద కూర్చున్నాము. చేతిలో కాగితం అట్లాగే ఉంది. ప్రతి సంవత్సరం ఒకసారైనా మేము చెప్పే ఉపమానం ఒకటుంది. యెరికో దారిలో గాయపడిన మనిషిని చూసి యాజకుడు పక్కగా పోయిన కథ. ఆ యాజకుడు ఎందుకు ఆగలేదో ఎన్నో కారణాలు మేము ప్రసంగాలలో చెప్పాము. అతని దగ్గర కూడా ఒక కాగితం, ఒక గడియారం ఉండి ఉంటాయని ఏనాడూ తోచలేదు.

సహోదరుడు టీ గ్లాసు తెచ్చి మా పక్కన పెట్టాడు. నింద మోపలేదు. కొంచెంసేపు ఆగి, మామూలుగా మాట్లాడినట్లే అన్నాడు: "అయ్యగారూ, ఆ డకార్ ర్యాలీల ఒక రూలుంటది. ఎవలన్న పడ్డరనుకోండి, ఎనుక వచ్చినోడు ఆగి సాయం చేస్తే, ఆగినంత టైం లెక్కపెట్టి ఆనికి వాపసు ఇస్తరు. ఆగినందుకు ఎవలు ఓడిపోరు."

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు.

అతడు చెప్పింది నిజమే. ఆ పోటీలో గాయపడినవారి దగ్గర ఆగినవారికి ఆ సమయం తిరిగి కలుపుతారు. 2021 జనవరిలో బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ సౌదీ ఎడారిలో మోటారు సైకిలు మీద నుండి పడి తలకు పెద్ద దెబ్బ తగిలించుకున్నాడు. 2015లో డకార్ ర్యాలీని పూర్తి చేసిన మొదటి భారతీయుడు అతడే. ఒక తోటి పోటీదారుడు ఆగి సహాయం చేశాడు. సంతోష్‌ను రియాదు ఆసుపత్రికి చేర్చారు, తరువాత కోలుకున్నాడు. మన సహోదరుడు ఆ రోజులలో రియాదులోనే ఉన్నాడు. "మన దేశపోడు పడ్డడంటే క్యాంపుల అందరం రాత్రి ముచ్చట బెట్టుకున్నం" అన్నాడు.

ఇంటికి వచ్చాక ఇంకొక పాత సంగతి చదివాము. 1968 నవంబరు 24న లండన్ నుండి సిడ్నీకి 98 కార్లు బయలుదేరాయి. యూరప్, టర్కీ, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ దాటి ఢిల్లీ మీదుగా బొంబాయి చేరి, అక్కడినుండి ఓడ ఎక్కి, ఆస్ట్రేలియా పడమటి తీరంలో దిగి మళ్ళీ తూర్పు తీరం దాకా నడిచాయి. చివరిదాకా చేరినవి 56 మాత్రమే. ముగింపు దగ్గర పడినప్పుడు అందరికంటె ముందున్నది బెల్జియం దేశస్థుడైన లూసియాన్ బియాంకి బండి. చివరి దశలో ఎదురుగా వచ్చిన ఒక మామూలు కారు దానిని ఢీకొన్నది. వెనుక వచ్చిన ప్యాడీ హాప్‌కిర్క్ గెలుపు అందే దూరంలో ఉండి కూడా బండి ఆపి, మంటలు ఆర్పి, గాయపడినవారిని చూసుకున్నాడు. తరువాత వచ్చిన ఆండ్రూ కోవన్ కూడా నెమ్మదించాడు. ఇక్కడ మేము చూసుకుంటున్నాము, నీవు పో అని చెప్పిన తరువాతనే కదిలాడు. చివరకు కోవన్ మొదటివాడుగా, హాప్‌కిర్క్ రెండవవాడుగా వచ్చారు.

కోవన్ గురించి ఒక మాట చెబుతారు. బయలుదేరకముందు అతడు కంపెనీ వారిని అడిగింది వేగంగా పోయే బండి కాదట, ఆఖరున వచ్చినా సరే చేరగలిగే గట్టి బండి. హాప్‌కిర్క్ ఆగినందున ఏమి పోగొట్టుకున్నాడో, ఏమి పోగొట్టుకోలేదో లెక్కలు వేసేవారు వేసుకోవచ్చు. అంత దూరం వచ్చి, గమ్యం కనబడుతున్నప్పుడు ఆగినవాడు అతడు. ఎనభై కిలోమీటర్ల దారిలో, నాలుగు నిమిషాల కోసం ఆగనివారము మేము.

పెండ్లికూతురు 10 గంటలు దాటిన తరువాత అమ్మమ్మ ఇంటికి వచ్చింది. చీర అంచుకు మట్టి, చేతికి రక్తపు మరక. అమ్మమ్మకు చూపు సరిగా ఆనదు. మనుమరాలి చేతులు తడిమి, "ఏమాయె బిడ్డా, చేతులు గరుకుగున్నయి?" అన్నది. "ఏం కాలే అమ్మమ్మా, తొవ్వల పని పడ్డది" అన్నది ఆ పిల్ల. ముసలితల్లి ఆమె తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు. మేము కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాము. ఆ సమయాన్ని వ్రాయలేదు.

కోరుట్ల నుండి జగిత్యాలకు 63వ నంబరు జాతీయ రహదారి. లారీల రద్దీలో మెల్లగా పోయాము. పాత నక్షత్రపు కోట ఉన్న ఆ ఊరిలో, టవరు దగ్గరి గడియారం మాకు ఎదురు నిలిచి లెక్క అడిగినట్లు ఉండింది. మందిరం చేరేసరికి 11:40. పెండ్లికుమారుని వైపు పెద్దలు కొందరు ముఖం చిట్లించారు. "టైం అంటే టైమే కదా అయ్యగారూ" అన్నాడు ఒక పెద్దాయన. ఏమి జరిగిందో మేము అందరి ముందు చెప్పాము. ఆగిన బండి ఏదో చెప్పాము. ఆగని బండి ఏదో కూడా చెప్పాము. పెద్దాయన పెండ్లికూతురి చీర అంచు వైపు చూసి తల వంచుకున్నాడు. ఎవరూ మళ్ళీ గడియారం మాట ఎత్తలేదు.

ఒక సంగతి చెబితే మీరు నవ్వుతారు. మన క్రైస్తవ వివాహాలు 1872 నాటి చట్టం క్రింద జరుగుతాయి. ఆ చట్టం ప్రకారం వివాహం ఉదయం 6 గంటల నుండి సాయంత్రం 7 గంటల లోపల జరిపించాలి. పదమూడు గంటల వ్యవధి! చట్టం అంత విశాలంగా సమయం ఇస్తే, మేము నిమిషాల కోసం ఒక మనిషిని దారిలో వదిలి వచ్చాము.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో కోరుట్లలో దిగి ఆసుపత్రికి పోయాము. ఆ మనిషి మేలుకొనే ఉన్నాడు. సిరిసిల్ల తువ్వాళ్ళు, లుంగీలు మోపెడ్ మీద ఊరూరా తిరిగి అమ్ముకునేవాడు. కుక్క అడ్డం వచ్చిందట. మమ్మల్ని చూడగానే అడిగిన మొదటి మాట, "నా మూట భద్రమేనా?" అని. భద్రంగా ఉందని చెప్పాము. కట్టుకు వాడిన తువ్వాల ఒక్కటే తక్కువ అన్నాము. అతడు నొప్పిలోనే నవ్వి, "అది పెండ్లిపిల్లకు నా కట్నం అనుకోండ్రి" అన్నాడు.

చెప్పవలసిన మాట గొంతులో అడ్డుపడింది. అయినా చెప్పాము. "అయ్యా, ఆ బండికంటె ముందు ఒక తెల్ల కారు వచ్చింది. నీవు చెయ్యి ఎత్తినావు. అది ఆగలేదు. అందులో ఉన్నది మేమే" అన్నాము.

అతడు మావైపు కాసేపు చూశాడు. కోపం లేదు. "శానా బండ్లు పోయినయి సారూ. అండ్ల మీదేదో నాకెర్క లేదు" అన్నాడు.

క్షమించానని అన్నా ఇంత బరువుగా ఉండేది కాదేమో. ఆగకుండా పోయిన చాలా బండ్లలో మాది ఒకటి, అంతే. బోధకుడని, పెండ్లి జరిపించేవాడని మా బండికి వేరే గుర్తు ఏమీ లేకపోయింది.

ప్రియ పాఠకులారా, మీలో చాలామందికి బండ్లు వచ్చాయి, రోడ్లు పెద్దవయ్యాయి. దారిలో గాయపడినవారిని చూసి ఆగడానికి మనలో ఉన్న ఒక భయం పోలీసు కేసు. ఆ భయానికి ఇప్పుడు చోటు లేదు. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ సహాయం చేసినవారికి రక్షణ కల్పించాయి. మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవారి మీద కేసు పెట్టరాదు, పేరు, చిరునామా చెప్పమని బలవంతం చేయరాదు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవకు ఫోను చేయడానికి ఒక నిమిషం చాలు. విరిగిన కాలును, మెడను కదపకుండా ఉంచడం, రక్తం కారే చోట శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టడం ఇంటిల్లిపాది నేర్చుకోదగిన పనులు. మా సంఘంలో ఆ పెండ్లికూతురే వచ్చి ఒక ఆదివారం మధ్యాహ్నం యౌవనస్థులకు ఇవి నేర్పింది. ముందు వరుసలో కూర్చొని మేము కూడా నేర్చుకున్నాము.

ఆ నాటి కాగితం మా బైబిలులో ఉంది. సహోదరుడు దానిని అడిగి తీసుకొని, రుద్రంగికి కోరుట్లకు మధ్య ఉన్న ఖాళీ గడిలో ఒక చుక్క, ఒక చిన్న వేపచెట్టు బొమ్మ గీశాడు. బాణం గీయలేదు. ఎందుకని అడిగాము.

"గక్కడ ఆగాలె అయ్యగారూ. ఆగే కాడ బాణం ఉండది" అన్నాడు.

మీ ప్రయాణాలన్నీ క్షేమంగా జరుగును గాక.